గూలేద్ అంకుల్ పద్యం

ఎటోబికోలో ఎయిర్‌పోర్టు పక్క గోడౌన్‌లో నేను ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంటే విమానాలు దిగడం మానేసి చూసేవి. కాలేజీని నేను మానలేదు, నా తెలివికి తట్టుకోలేక కాలేజీయే నన్ను మానుకుంది. అలాంటి నా నోరు కూడా మూయించినవాడు గూలేద్ అంకుల్. సోమాలియా నుంచి వచ్చి, ఆ గోడౌన్‌లోనే అట్టపెట్టెలకు టేపు వేస్తూ ముసలివాడైన కవి.

ఆయన ఏనాడూ ఒక్క పద్యం కాగితం మీద పెట్టలేదు. టేపు వేస్తూ మనసులోనే కట్టేవాడు. మొదలుపెట్టిన అక్షరమే ప్రతి పాదంలోనూ పలకాలి. మన యతిప్రాసలు దాని ముందు సెలవు చీటీ పెట్టుకోవాలి. కట్టాక స్నేహితుడు వర్సమె గారికి అప్పజెప్పి తాను మరిచిపోయేవాడు. ఒకరు కడతారు, ఒకరు మోస్తారు. మోసేవాడు కవి పేరు చెప్పి తీరాలి, ఒక్క మాట మార్చకూడదు.

"నీకిస్తే నా ఒంటె ఏనుగై తిరిగొస్తుంది," అనేవాడు నాతో.

"రెక్కలు కూడా పెట్టిస్తా అంకుల్, ఫ్రీగా."

పోయిన చలికాలం వర్సమె గారికి మతిమరుపు జబ్బు ముదిరింది. చనిపోయిన తన భార్య మీద అంకుల్ కట్టిన పద్యం ఆయనొక్కరికే వచ్చు. కట్టినాయనకు మొదటి పాదమే మిగిలింది. శనివారాలు వాళ్ల కవులు చేరే టీ కొట్టుకు అంకుల్ వర్సమె గారినీ, నన్నూ వెంటబెట్టుకెళ్లాడు.

"ఫోన్‌లో రికార్డ్ చెయ్యి. కాసేపు మనిషిలా కూర్చో."

అంకుల్ మొదటి పాదం అందించాడు. వర్సమె గారు కళ్లు మూసుకుని అందుకున్నారు. ఎక్కడా తడబడలేదు. అందరి టీలూ చల్లారిపోయాయి.

"కవి పేరు చెప్పలేదు," అన్నాడు ఒక పెద్దాయన. పక్కనున్న అమ్మాయి నాకు ఇంగ్లిష్‌లో చెబుతోంది.

వర్సమె గారు అంకుల్ కేసి మర్యాదగా చూశారు. "ఎవరో పాపం, భార్య పోయినవాడు. మీకు తెలుసా?"

కొట్టులో అందరికీ తెలుసు. మోసినవాడే చెప్పాలి కాబట్టి ఎవరూ పెదవి విప్పలేదు. నేను విప్పబోతే అంకుల్ నా మోకాలు నొక్కాడు.

"తెలియదు. బాగా కట్టాడు," అన్నాడు.

కారెక్కాక, "రికార్డింగ్ చివర్లో పేరు నేను కలిపేస్తా అంకుల్," అన్నాను.

"వద్దు. వచ్చే శనివారం మళ్లీ అడుగుదాం."

వెనక సీట్లోంచి వర్సమె గారు అంకుల్ భుజం తట్టి ఏదో అడిగారు. అర్థమవడానికి నాకు భాష అక్కర్లేకపోయింది.

"గూలేద్," అన్నాడు అంకుల్.

వర్సమె గారు ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకుని, బాగుందన్నట్టు తలూపారు.