బురదమ్మ షోకి వెళ్లిన రోజు

కొత్త బేస్‌బాల్ బంతి తడి సబ్బులా చేతిలో నిలవదు. ఆటకు ముందు ఎవరో ఒకరు నది బురద రుద్ది దాని నునుపు తీయాలి. కాన్సాస్‌లో ఓ చిన్న ఊరి మైదానంలో ఇరవై రెండేళ్లుగా ఆ పని ఆర్డిత్ కోల్బేది. ఆటగాళ్లు ఆమెను బురదమ్మ అనేవారు. ఆమె రుద్దిన బంతులతో చేయి తిరిగినవాళ్లు ఒక్కొక్కరే పెద్ద లీగ్‌కి వెళ్లిపోయారు. ఆ లీగ్‌ని వాళ్లంతా "షో" అంటారు. దాని పైన ఇంకో మెట్టు లేదు.

యాభై ఎనిమిదో ఏట ఆర్డిత్‌కీ షో నుంచి పిలుపొచ్చింది. నగరం స్టేడియంలో బంతులు రుద్దే మనిషి కావాలట. ఒక్క ఆటకు చూస్తారు. నచ్చితే ఉద్యోగం, లేదంటే తిరుగు బస్సు.

"బురద పూసేదానికి కూడా షోనా అక్కా?" అని చెల్లెలు నవ్వింది.

"నువ్వో బంతి రుద్ది చూపించు, తర్వాత నవ్వుదువుగాని," అంటూ ఆర్డిత్ పెట్టె సర్దుకుంది.

స్టేడియంలో పన్నెండు డజన్ల బంతులు ముందు పెట్టారు. అలవాటు ప్రకారం బంతికి రెండు వేళ్ల బురద తీసి రుద్దింది. అన్నీ అయ్యాక మొదటిదాన్ని తిప్పి చూసి భయపడింది. అది బెల్లం ముద్దలా నల్లబడి ఉంది. ఊళ్లో ఎండు గాలికి రెండు వేళ్లు కావాలి. ఇక్కడ పక్కనే నది, గాలి నిండా తేమ. తోలు బురదంతా తాగేసింది. ఇలాంటి బంతి బ్యాట్ పట్టినవాడికి సరిగా కనబడదు.

సామాను గది చూసుకునే డువేన్‌ని పిలిచింది.

"ఇవి ప్రాక్టీసుకు పంపెయ్ బాబూ. ఇంకో పన్నెండు డజన్లు పట్రా."

"అన్నీనా? బాగానే ఉన్నాయి కదమ్మా. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాగా."

"ఆటకు రెండు గంటలే ఉంది."

"నాకు గంటన్నర చాలు. నువ్విలా కబుర్లు పెడితే అదీ చాలదు."

ఈసారి ఒక్క వేలే. మణికట్లు సలుపుతున్నా ఆమె లెక్కచేయలేదు. భయం పోయింది, పని తెలిసిన చేతుల పొగరు మిగిలింది.

అంపైర్ వచ్చాడు. బంతుల సంచిలో చేయి పెట్టి మూడు బంతులు తిప్పి చూశాడు, జేబులో వేసుకున్నాడు, పలకరించకుండానే వెళ్లిపోయాడు.

డువేన్ ముఖం వాడిపోయింది. "ఒక్క మాటా అనలేదేంటమ్మా?"

ఆర్డిత్ చేతులు కడుక్కుంటూ నవ్వింది. "ఇన్నేళ్లలో అంపైర్లు నాతో మాట్లాడింది బంతి బాగాలేనప్పుడే. రేపు ఎన్నింటికి రమ్మంటావు?"