పక్కింటి మాస్టారు, పరాయి ఫాస్ఫరస్

మా ల్యాబ్‌లో ఎన్ఎంఆర్ మిషన్ చూసుకునే పెద్దాయన్ని ఏ సంగతడిగినా ముందు "పక్కనెవరున్నారు?" అని ఎదురడిగేవారు. అందుకే ఆయన మాకు పక్కింటి మాస్టారు. అద్దెకి ఇల్లు చూడ్డానికెళ్లి, గదుల జోలికి పోకుండా పక్కింట్లో ఎంతమందో లెక్కపెట్టుకొచ్చారని వాళ్లావిడ మొత్తుకునేది. పన్ను పీకబోతున్న డాక్టర్ని కూడా "దాని పక్కన ఎన్నున్నాయండీ?" అని ఆపారట.

ఆ మిషన్ అలాంటిది మరి. పెద్ద అయస్కాంతంలో మన పదార్థం పెడితే, అందులోని ఒక్కో రకం హైడ్రోజన్‌కీ కాగితమ్మీద ఒక గీత లేస్తుంది. పక్కన ఇంకో హైడ్రోజన్ ఉంటే ఆ గీత రెండుగా చీలుతుంది, ఇద్దరుంటే మూడుగా. ఇరుగుపొరుగు ఊరికే ఉండనిస్తారా? మాస్టారు ఆ లెక్క మనచేత చెప్పించందే కాగితం ఇచ్చేవారు కాదు. వెనక వరసలో నిలబడ్డవాళ్లం పళ్లు నూరుకునేవాళ్లం.

ఆయన సెలవులో ఉన్నప్పుడు నేనోసారి కాగితం తీయించుకున్నాను. ఎనిమిది నెలలు కష్టపడి చేసిన పదార్థం. ఒకే గీత రావాల్సిన చోట రెండొచ్చాయి. మా గైడు మీటింగుకి పరిగెడుతూ చూసి, "కల్తీ. పారేసి మళ్లీ మొదలెట్టు" అన్నారు. మళ్లీ మొదలెడితే థీసిస్ గడువు దాటిపోతుంది. మనసొప్పక, మర్నాడు సెలవు ముగించుకొచ్చిన మాస్టారి దగ్గరికెళ్లాను.

"పక్కనెవరు?"

"ఎవరూ లేరు మాస్టారూ. ఒక్క హైడ్రోజన్ కూడా లేదు."

"హైడ్రోజన్ సంగతి కాదు, అసలు ఎవరున్నారు?"

"ఫాస్ఫరస్ ఉందనుకోండి, కానీ..."

"కానీ ఏంటి? కులం వేరని లెక్కలోంచి తీసేశావా? వాడూ చీలుస్తాడమ్మా. ఉండు, వాడి నోరు కాసేపు మూయిద్దాం."

ఏవో మీటలు నొక్కి, ఫాస్ఫరస్ ప్రభావం లేకుండా మళ్లీ తీశారు. రెండు గీతలూ కలిసి ఒక్కటైపోయాయి.

"నిక్షేపంలా ఉంది తల్లీ, నీ సరుకు."

నాకు ఏడుపాగలేదు. ఆయన కుర్చీ నా వైపు జరిపారు. కళ్లు తుడుచుకుని, "మీకన్నీ తెలుసుగా, చూడగానే చెప్పేయొచ్చుగా? అందర్నీ ఎందుకలా సతాయిస్తారు?" అన్నాను.

"కాగితం ఇచ్చేస్తే ఒక్కదానివే గదికి పోయి కుమిలిపోతావు. ప్రశ్న అడిగితే, జవాబు దొరికేదాకా ఇక్కడే కూర్చుంటావుగా."

ఇన్నాళ్లూ పళ్లు నూరినందుకు సిగ్గేసింది.

ఆయన అప్పటికే మా గైడుకి ఫోన్ చేస్తున్నారు. "తప్పు నాదే సార్. ఫాస్ఫరస్‌ని ఆపి కూడా తీయమని మావాళ్లకి చెప్పెళ్లాల్సింది."

మళ్లీ ఏదో మీటింగు హడావిడిలో ఉన్న గైడు, "అదే, నాకూ ఎక్కడో అనుమానం కొట్టింది" అనడం ఫోన్లోంచి నాకూ వినిపించింది.

గడువుకి మూడ్రోజుల ముందే థీసిస్ ఇచ్చాను, ఆ రెండు కాగితాలూ పక్కపక్కనే పెట్టి. పరీక్షించడానికొచ్చిన ప్రొఫెసర్ ఆ పేజీ దగ్గర ఆగి, "ఫాస్ఫరస్ చీలుస్తుందని అందరికీ తెలిసిందేగా, ఇంత వివరంగా ఎవరికోసమమ్మా?" అని అడిగారు.

మా గైడు గట్టిగా దగ్గి, మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు.