గురవమ్మ చూపుడు వేలు

ఆ శుక్రవారం గురవమ్మ కుడిచేతి చూపుడు వేలికి గుడ్డ చుట్టుకుని షాపులోకి వచ్చింది. ఈ గల్ఫ్ దేశంలో, మబేలా అనే చోట నేను బట్టలు కుట్టే షాపుకి ఆమె రెండేళ్ళుగా వస్తోంది. తను పనిచేసే ఇంట్లో ముసలామె గౌన్లు వదులు చేయించడానికో, అంచులు తిప్పించడానికో వస్తుంది. మా పనిలో వేలికి గుడ్డ చుట్టుకోవడం మామూలే.

"సూది దిగిందా అక్కా?" అన్నాను.

ఆమె స్టూలు మీద కూర్చుని గాజు తలుపు వైపు చూసింది. బయట ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, "నేను ఓటేసినా," అంది.

"ఊళ్ళోనా? ఎప్పుడు పోయొచ్చావు?"

"ఊర్లో గాదు. ఈడ."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఈ దేశంలో ఓటు ఈ దేశం వాళ్ళది. మనం ఇరవై ఏళ్ళున్నా పనికి వచ్చినవాళ్ళమే. నాలుగేళ్ళకోసారి మునిసిపల్ కౌన్సిల్ ఎన్నికలొస్తే రోడ్డు పక్కన నిలబెట్టిన ఫొటోలు చూస్తాం, ఎవరు గెలిచారో షాపుకొచ్చే వాళ్ళ మాటల్లో వింటాం, అంతే.

ఆమె చెబుతుంటే మధ్యలో అడ్డం పడకుండా విన్నాను. రాసుకుంటానంటే ఒక్కటే మాట అంది. "రాసుకో. పేర్లు మార్చు. నాకు గురవమ్మ అని పెట్టు, మా అవ్వ పేరు." అలాగే పెట్టాను. మిగతా పేర్లూ మార్చాను, వీధి చెప్పను.

గురవమ్మది కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. నలభై ఆరేళ్ళుంటాయి. మొదట ఇక్కడే బహ్లా అనే ఊళ్ళో ఒక ఇంట్లో పద్నాలుగు నెలలు చేసింది. అక్కడ ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు లేరట. తర్వాత మబేలా ఇంటికి వచ్చింది. కూతురు మల్లీశ్వరి కడపలో నర్సింగు చదువుతోంది, ఇంకొక్క సంవత్సరం ఉంది. ఆ సంవత్సరం గడిచేదాకా గురవమ్మ ఇక్కడ ఉండాలి. ఉండాలంటే చేతిలో బతాకా ఉండాలి, అంటే ఇక్కడ నివాసానికి ఇచ్చే కార్డు. దాని గడువు ఈ నెలాఖరుతో అయిపోతోంది.

ఇంటి పెద్దామె పేరు ఘాలియా. గురవమ్మ ఆమెను మామా అంటుంది, ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు, యజమానిని బాబా అంటారు. మామాకు డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళకూ పొర కమ్మింది. ఫోను ఉంది గానీ దాన్ని నడిపేది గురవమ్మే. బురైమిలో ఉన్న కూతురికి కలపడం, ఖురాను చదివే గొంతు పెట్టడం, మందుల వేళకు మోగే గంట ఆపడం, అన్నీ ఆమె పనే. గురవమ్మకు అరబ్బీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. రంగులూ ముఖాలూ గుర్తుపెట్టుకుని నొక్కుతుంది. ఫోను కావాల్సినప్పుడు మామా, "నీ కళ్ళు తీసుకురా," అని కేకేస్తుందట.

ఇక్కడ ఓటు కూడా ఫోనులోనే వేస్తారు. గుర్తింపు కార్డును ఫోను వెనక ఆనించాలి, ముఖం చూపించాలి. అప్పుడు పోటీలో ఉన్నవాళ్ళ ఫొటోలు వస్తాయి.

పోటీలో ఉన్నవాళ్ళలో ఖల్ఫాన్ అనే ఆయన మామాకు చెల్లెలి కొడుకు. పోయినసారి గెలిచాడు, మళ్ళీ నిలబడ్డాడు. మామా కొడుకు హసన్ నెలరోజులుగా ఖల్ఫాన్ పని మీదే తిరుగుతున్నాడు. ఓటింగు రోజు పొద్దున్న హసన్ తల్లి ముందు కూర్చుని నాలుగుసార్లు ఫోను పట్టాడు. ఫోనుకు ముఖం అందలేదు. ఈలోగా బయట కారు హారను. లేచి గురవమ్మకు ఫోను ఇచ్చేశాడు.

"అమ్మ నమాజు అయ్యాక కిటికీ దగ్గర కూర్చోబెట్టి ముఖం చూపించు. ఫొటోలు వచ్చాక అమ్మ వేలు ఖల్ఫాన్ మీద పెట్టించు. ఖల్ఫాన్‌ని ఎరుగుదువుగా?"

"ఎరుగుదును బాబా. ఊదారంగు తలపాగా."

కిటికీ వెలుతురులో మొదటిసారికే ముఖం పడింది. ఫొటోలు వచ్చాయి. మామా, "ఒక్కొక్కరినీ చెప్పు," అంది. గురవమ్మ చెప్పింది. తెల్లగడ్డం ఆయన, ఊదా తలపాగా ఖల్ఫాన్, లావుపాటి ఆయన, కళ్ళజోడు పెట్టుకున్న టీచరమ్మ.

"టీచరు," అంది మామా.

గురవమ్మ గుర్తుచేసింది. "మామా, బాబా హసన్ ఖల్ఫాన్ అని చెప్పినాడు."

"హసన్ ఓటు హసన్ దగ్గరుంది."

మామాకు ఆ కోపం ఎక్కడిదో గురవమ్మకు తెలుసు. ఏడాదిన్నర కిందట పెద్ద వాన పడి వాళ్ళ సందు తొమ్మిది రోజులు నీళ్ళలో ఉండిపోయింది. ఆ తొమ్మిది రోజుల్లోనే మూడిళ్ళ అవతల మామా స్నేహితురాలు చనిపోయింది. చిన్నప్పుడు ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకున్నవాళ్ళు. మామా ఖల్ఫాన్‌కు రోజూ ఫోను చేయించింది, నీళ్ళు తోడే ట్యాంకరు పంపమని. ఇన్షా అల్లా అన్నాడు, ఇన్షా అల్లా అన్నాడు, రాలేదు. మూడిళ్ళు దాటలేక మామా ఇంట్లోనే కూర్చుని ఏడ్చింది. టీచరమ్మ మొన్న ఓటు అడగడానికి వచ్చినప్పుడు చాప మీద కూర్చుని, ఆ నీళ్ళు ఎంత లోతు వచ్చాయమ్మా అని అడిగింది. ఖల్ఫాన్ ఇప్పటికీ అడగలేదు.

మామా వేలు ఎండిపోయి ఉంటుంది, వణుకుతుంది కూడా. రెండుసార్లు ఫోను అద్దం మీద పెడితే రెండుసార్లూ ఫొటోలు పక్కకు జారాయి. మూడోసారి ఆమె గురవమ్మ మణికట్టు పట్టుకుని, "నీ వేలు ఇవ్వు," అని, ఆ చేతిని తనే కిందికి నెట్టింది.

"నొక్కింది నేనా, ఆమెనా?" అని గురవమ్మ నన్ను అడిగింది. "ఏలు నాది. బలం ఆమెది. నేను యాడ చూపిస్తే ఆడ."

ఫోనులో పచ్చగా టిక్కు వచ్చింది. మామా ఖలాస్, అయిపోయింది అని కాఫీ అడిగింది. "హసన్‌కి చెప్పకు," అంది, ఖర్జూరాల గిన్నె ఇటు జరుపు అన్నంత మామూలుగా.

అప్పటికి గురవమ్మకున్న భయం హసన్ గురించే. అసలు భయాన్ని ఎక్కించింది షబానా. ఆమె పక్కింట్లో పనిచేస్తుంది, ప్రొద్దుటూరు మనిషి. చెత్తడబ్బా దగ్గర కలిసింది.

"ఏందిక్కా, మొగం సున్నం కొట్టినట్టుండాది?"

గురవమ్మ ఆపుకోలేక చెప్పేసింది. షబానా ముందు నవ్వింది.

"ఊర్లో నీ ఓటు లిస్టులో ఉండాదో లేదో నీకే తెలీదు. ఈడ కౌన్సిలర్లను గెలిపిస్తాండావా?" తర్వాత నవ్వు ఆపి గొంతు తగ్గించింది. "అక్కా, ఎయిర్‌పోర్టులో నీ చేతుల పది ఏళ్ళ ముద్రలూ తీసుకున్న్యారా లేదా? మెడికల్‌కాడ తీసుకున్న్యారా లేదా? ఆ అద్దం మింద నీ ఏలు పడిన్యాక అది ఎవురిదో వాళ్ళకు తెలీకుండా ఉంటాదా? బయటిదేశం మనిషి ఓటేసిందంటే జైలో, ఇంటికి పంపించడమో. నాకు మాత్రం చెప్పలేదనుకో."

గురవమ్మ నాతో ఇలా అంది. "మన ఊర్లో అయితే ఏలికి సిరా పెడతారు. గోరు పెరిగి పొయ్యేదాకా కనపడతాంటాది. ఈడ కనపడని సిరా పెట్నారనుకున్యా."

షబానా చెప్పింది నిజమో కాదో నాకూ తెలియదు. కానీ గురవమ్మకు ఈ దేశం మొదటినుంచీ వేళ్ళతోనే పరిచయం. దిగిన రోజు వేళ్ళు, డాక్టరు దగ్గర వేళ్ళు, కార్డుకు వేళ్ళు. ఆమెను గుర్తుపట్టేది ముఖాన్ని బట్టి కాదు, ఆ గీతల్ని బట్టి. అందుకని ఫోను అద్దాన్ని వెనిగరుతో మూడుసార్లు తుడిచింది. అంతటితో పోదనిపించింది. మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక బట్టలుతికే గదిలోకి వెళ్ళి, బట్టలు తెల్లబరిచే మందులో వేలు ముంచి, గిన్నెలు తోమే ఇనప పీచుతో రుద్దింది. రెండోరోజు కూడా రుద్దింది. గీతలు పోయాయి. రక్తం వచ్చింది.

కార్డు కొత్తది చేయించాలంటే మళ్ళీ అవే గీతలు కావాలన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఫలితం వచ్చింది. ఖల్ఫాన్ పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. టీచరమ్మ గెలిచింది. సాయంత్రం ఖల్ఫాన్ మనుషులు వచ్చి మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళు కూర్చునే ముందు గదిలో, చుట్టాల పేర్లు ఒక్కొక్కటే తీస్తున్నారు. ఎవరు వేశారు, ఎవరు మాట తప్పారు. గురవమ్మ కాఫీ పోయాలి. కూజా ఎడమచేత్తో, చిన్న కప్పులు కుడిచేత్తో పట్టుకోవడం ఇక్కడి పద్ధతి. ఆ వేలు కనపడకుండా కప్పు ఎలా అందించాలో తెలియక, దాన్ని అరచేతిలోకి మడిచి మిగతా వేళ్ళతో అందించింది.

"మా అమ్మ ఓటు మాత్రం మనదే," అన్నాడు హసన్. "గురవమ్మే దగ్గరుండి వేయించింది." అందరూ ఆమె వైపు చూశారు. హసన్ హల్వా ముక్క తీసి ఆమెకిచ్చాడు.

"కొంగున కట్టుకోని వంటింట్లోకి పోయినా," అంది గురవమ్మ.

గురువారం బతాకా కోసం హసన్ ఆమెను కార్డులిచ్చే ఆఫీసుకు తీసుకెళ్ళాడు. తొమ్మిది వేళ్ళకు మెషీను మీద పచ్చలైటు వెలిగింది. చూపుడు వేలికి ఎర్రలైటు. తుడిచి పెట్టింది, ఎరుపే. యూనిఫాంలో ఉన్న అమ్మాయి ఆ వేలు పట్టుకుని వెలుతురుకు తిప్పి, "దీనికి ఏమైంది?" అంది.

గురవమ్మ వేలు వెనక్కి లాక్కుంది. "చెప్పేద్దామనే నోరు తెరిచినా. మామాదే తప్పని చెప్పాల, లేకుంటే నాదని చెప్పాల. ఏది చెప్పాల్నో తేలేలోపల ఆ పాప బాబా పక్కకు తిరిగింది."

ఆ అమ్మాయి హసన్‌తో, "ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు చర్మం ఇలా పోతుంటుంది. పది రోజులు నూనె రాయించి తీసుకురండి. అప్పటికీ పడకపోతే చూద్దాం," అంది. కారు ఎక్కేముందు హసన్ ఆమె రెండు చేతులూ చూశాడు. తొమ్మిది వేళ్ళు బాగున్నాయి. ఒక్కటే చెక్కేసినట్టుంది.

"ఆ చూపు బాగలేదు," అంది గురవమ్మ. ఆ శుక్రవారం నాతో చెప్పింది అంతవరకే. గుడ్డ విప్పి చూపించింది. వేలికొన ఎర్రగా, నున్నగా ఉంది. నేను చూసి మళ్ళీ నేనే చుట్టాను.

తర్వాతి శుక్రవారం ఆమె రాలేదు. షబానాను అడుగుదామంటే, అడగడమే తప్పవుతుందేమోనని ఊరుకున్నాను. ఆమె ఇచ్చిపోయిన ముసలామె గౌను అంచు కుట్టి పక్కన పెట్టి ఉంది. రోజూ షాపు మూసేటప్పుడు దాన్ని చూసేవాణ్ణి.

ఆ పై శుక్రవారం తలుపు తోసుకుని వచ్చి, అదే స్టూలు మీద కూర్చుంది.

ఆ పదిరోజులూ మామా సాయంత్రంపూట తన పక్కన కూర్చోబెట్టుకుని ఆ వేలికి నెయ్యి రాసిందట. చూపు లేని మనిషి చేతులు కదా, తడిమి చూసి మొదటిరోజే కనిపెట్టేసింది.

"కాలింది కాదు. నువ్వే చేసుకున్నావు."

"భయమేసింది మామా."

"హసన్ అంటేనా?"

"అందరంటే."

మామా చాలాసేపు వేలు వదల్లేదు. "నోరు మాత్రం విప్పకు. అది నా ఓటు," అంది. గురవమ్మకు ఆ మాటతో ధైర్యం రాలేదు. ఉన్న భయం రెండింతలైంది. చెబితే మామాను పోగొట్టుకుంటుంది. చెప్పకపోతే హసన్ బతాకా ఆపేస్తాడు.

రెండోసారి ఆఫీసుకు వెళ్తూ హసన్ రౌండెబౌట్ దగ్గర కారు నెమ్మది చేశాడు. ఖల్ఫాన్ ఫొటో ఇంకా అక్కడే ఉంది, ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది.

"అమ్మ ఖల్ఫాన్‌కే వేసిందా?"

గురవమ్మ కిటికీ వైపు తిరిగింది. "నాకు అరబ్బీ చదవడం రాదు బాబా."

"చదవక్కర్లేదు. ఫొటోలుంటాయి."

హసన్ ఇంకోసారి అడిగాడు. "మామాను అడగండి బాబా," అంది. ఆఫీసు దాకా మల్లీశ్వరికి ఏమని ఫోను చేయాలో మనసులో మాటలు కూర్చుకుంటూ వెళ్ళింది.

వేలు మళ్ళీ పడలేదు. అదే అమ్మాయి కాగితం తీసి హసన్ ముందు పెట్టింది. "తొమ్మిది వేళ్ళతో చేయొచ్చు. కానీ ఈమె మీ ఇంట్లో మంచిగా ఉందని మీరు పూచీ ఇవ్వాలి. లేదంటే కార్డు రద్దు చేసి పంపించేయండి. ఏది చేస్తారు?"

హసన్ పెన్ను పట్టుకుని కాగితం చదివాడు. అంత పెద్ద కాగితం కాదు, ఆయన మాత్రం చాలాసేపు చదివాడు. గురవమ్మ నేల వైపు చూస్తూ నిలబడింది. చివరికి సంతకం చేశాడు.

తిరిగొచ్చేటప్పుడు మబేలా మలుపు దగ్గర, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే ఆయన అన్నాడట. "నాకే చెప్పలేదు నువ్వు. మా ఇంటి మాట ఇంకెవరికీ చెప్పవు."

గురవమ్మ కొత్త బతాకా నాకు చూపించింది. ఫొటోలో కళ్ళు బెదిరిపోయి ఉన్నాయి.

"నాకు చెప్పావుగా," అన్నాను.

"నువ్వు బట్టలు కుట్టేటోనివి. నీకాడ దాస్తే కొలతలెట్ల తెలుస్తాయి," అని గౌను మడతపెట్టి సంచీలో వేసుకుంది. వేలి మీద కొత్త చర్మం లేతగా వచ్చింది, గీతలింకా రాలేదు. మామా రోజూ తడిమి చూస్తోందట. నాలుగేళ్ళలో గట్టిపడుతుంది, మళ్ళీ పనికొస్తుంది అంటోందట.

"నాలుగేండ్లు," అంది గురవమ్మ. "అంతలోపల నేను ఊరికి పోవాల."

తలుపు దగ్గర ఆగి, బయట ఎవరన్నా ఉన్నారేమో అటూ ఇటూ చూసుకుని, అప్పుడు వీధిలోకి దిగింది.