దేవదానం మామ ఎవరి కోసమూ ఆగలేదు

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ జరుగుతోంది. ఫోన్ మోగింది. అత్త నంబర్.

అత్త ఆ టైంలో ఎప్పుడూ చేయదు. పక్కకు వెళ్లి ఎత్తాను.

"పాపా, మీ మామ పోయినాడమ్మా" అంది. అంతే.

కలిగిరి నుంచి ఆత్మకూరు ఎలా వచ్చానో గుర్తు లేదు. మొన్న ఆదివారమే ఫోన్‌లో నన్ను తిట్టాడు, పిల్లల చేత రాజ్యాంగం బట్టీ పట్టిస్తున్నానని. ఆ మనిషి ఇప్పుడు లేడంటే ఎలా నమ్మేది?

ఏడుస్తూనే బస్సు దిగాను. దిగగానే ఒళ్లు మండిపోయింది.

ఫ్లెక్సీ!

మామ పోయి మూడు గంటలు కాలేదు, అప్పుడే ఫ్లెక్సీ. పైన పార్టీ లీడర్లు పదకొండు మంది, నవ్వుతూ. కింద మూలన స్టాంపు సైజులో మామ. పక్కన "స్వాతంత్ర్య సమరయోధునికి అశ్రునివాళి" అని.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మా మామ పుట్టనే లేదురా నాయనా!

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. దేవదానం మామ మా అమ్మకు అన్న. దుత్తలూరు దగ్గర మెట్ట ఊరు మాది. ఇరవై ఏళ్లకే మిలిటరీలో చేరాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో మోకాలికి దెబ్బ తగిలి తిరిగొచ్చాడు. తర్వాత లా చదివి, ఆత్మకూరు, ఉదయగిరి కోర్టుల్లో జీవితమంతా నల్లకోటు వేశాడు. మధ్యలో ఐదేళ్లు ఈ ఫ్లెక్సీ పార్టీ తరఫునే జెడ్పీటీసీ.

యుద్ధంలో ఏం చేశావు మామా అని అడిగితే, "తడిసిన సాక్సులు ఆరేసుకున్నాలే పో" అనేవాడు.

ఆ మోకాలితో ఎక్కువసేపు నిలబడలేడు. ఒకసారి ఉదయగిరి కోర్టులో జడ్జిగారే, "కూర్చుని వాదించండి, పర్వాలేదు" అన్నారు. మామ క్లయింటు మేకలు మేపే ముసలామె, బోనులో నిలబడి ఉంది.

"అవ్వ నిలబడుండాది సార్. ముందు ఆమెకు కుర్చీ ఏయించండి, తర్వాత నేను కూర్చుంటా" అన్నాడు.

ఇద్దరికీ కుర్చీలు వచ్చాయి.

ఇలాంటి మనిషికి పార్టీతో ఎందుకు చెడిందో కూడా వినండి.

సీతారామపురం వైపు ఒక స్కూల్ బిల్డింగ్ ఓపెనింగ్. పార్టీ పెద్దాయన పదింటికి వస్తానన్నాడు. పన్నెండున్నర అయినా రాలేదు. పిల్లలు పూలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఒక పాప కళ్లు తిరిగి పడిపోయింది.

మామకు తిక్క రేగింది. ఆ స్కూల్లో అన్నం వండే ఆయమ్మను పిలిచి కత్తెర చేతికిచ్చాడు. "కత్తిరించు తల్లీ, ఏమైతే అది అయితాది" అన్నాడు.

పెద్దాయన వచ్చేసరికి రిబ్బనూ లేదు, లైన్లో పిల్లలూ లేరు. అందరూ నీడలో కూర్చుని అన్నం తింటున్నారు.

మళ్లీసారి టికెట్ ఇవ్వలేదు. ఫోన్లు ఎత్తడం మానేశారు. పోయినేడు ఆపరేషన్ అయి మూడు నెలలు మంచంలో ఉంటే ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు గుమ్మం తొక్కలేదు.

ఇవాళ మాత్రం అందరూ దిగారు. తెల్లచొక్కాలు, కండువాలు. మామను ఫ్రీజర్ బాక్సులోంచి తీసి పెట్టెలో పెట్టి వ్యాన్ ఎక్కించామో లేదో, మమ్మల్ని అడగనైనా అడగకుండా పైన పార్టీ జెండా కప్పేశారు.

మామ కోరిక ఒక్కటే. సొంత ఊళ్లో, వాళ్లమ్మ సమాధి పక్కన పడుకోవాలని. పన్నెండింటికి సమాధి అని పాస్టర్‌గారు అందరికీ చెప్పేశారు. సీతారామపురం నుంచి వచ్చిన జనం పొద్దుటి నుంచి అక్కడ కాచుకుని ఉన్నారు. రెండింటి బస్సు తప్పితే వాళ్లకు ఇవాళ ఇంకో బస్సు లేదు. మామ మీద గుప్పెడు మన్ను వేయాలని పనులు మానుకుని వచ్చినవాళ్లు.

ఇక్కడేమో వ్యాన్‌కు అడ్డంగా కార్లు పెట్టారు.

"పెద్దాయన బయల్దేరినాడమ్మా. నాలుగింటికల్లా వస్తాడు. అందాకా బాడీ కదపొద్దు" అన్నాడు ఒక కండువా.

బాడీ అంట!

మామ కొడుకు, మా బావ, నసుగుతున్నాడు. ఈ ఊళ్లో వ్యాపారం చేసుకోవాలి కదా, వీళ్లతో ఎందుకని. నాకు బావ మీదా కోపం వచ్చింది. అక్కడే మొహాన చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను.

అప్పుడు అత్త లేచింది. రిటైర్డ్ నర్సు, మనిషి నా భుజం దాకా కూడా రాదు. పెట్టె మీద జెండా తీసింది. నాలుగు మడతలు పెట్టి ఆ కండువా ఆయన చేతిలో పెట్టింది.

"మీ పెద్దాయన కోసం ఈయన బతికున్నప్పుడే ఆగలా. చచ్చినాక ఆగతాడా? నా మొగుడు చెప్పిన చోట నేను ఆయన్ని మన్ను చేసుకోవాల. కార్లు తీస్తారా, మోసుకుంటా నడిచి పొమ్మంటారా?"

కార్లు కదిలాయి.

పన్నెండున్నరకు ఊరు చేరాం. ఒక ముసలాయన పాట ఎత్తుకుంటే అందరూ అందుకున్నారు. వచ్చినవాళ్లంతా మన్ను వేశారు. రెండింటి బస్సు ఎవరికీ తప్పలేదు. అప్పుడు నాకు మళ్లీ ఏడుపొచ్చింది. తనివితీరా ఏడ్చాను.

సాయంత్రం ఆత్మకూరు ఇంటికి తిరిగొస్తే పక్కింటామె చెప్పింది. పెద్దాయన ఐదింటికి వచ్చాడట. సమాధి దగ్గరికి గంట ప్రయాణం అంటే, టైం లేదన్నాడట. ఫ్రీజర్ బాక్సు ఇంకా మా వరండాలోనే ఉంది, అద్దెవాళ్లు తీసుకెళ్లలేదు. దాని మీదే పెద్ద దండ వేసి, కళ్లు తుడుచుకుని, ఫొటోలు దిగి వెళ్లిపోయాడట.

రేపు పేపర్లో ఆ ఫొటో వస్తుంది. మీ ఫోన్లకూ వస్తుంది. చూసి మోసపోకండి.

ఆ బాక్సులో మామ లేడు. ప్లగ్గు కూడా పీకేసి ఉంది.

మామా, నీవాళ్ల మధ్య పడుకున్నావు. ఇంక ఎవరి మీదా కోపం తెచ్చుకోకు, ఆ పని నేను చూసుకుంటాను. దేవుడి దగ్గర నెమ్మదిగా ఉండు.