పది గోలీలు, పది వారాలు

కిందటి ఏడు శ్రావణమాసం, రెండో మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. మందుల షాపు గోడ గడియారం చూసే చెబుతున్నాను. దయ్యాలను నేను నమ్మను. సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి పాళీలు చేశాను, ఒక్కటీ ఎదురుపడలేదు.

నా భార్య లక్ష్మి పోయాక కోరుట్లలో ఒక్క గదిలో ఉంటున్నాను. కొన్ని రోజులు నోరు తెరిచేది పాలాయన దగ్గరే.

కీళ్లవాతానికి జగిత్యాల డాక్టరు కొత్త గోలీ రాశాడు. మా వీధి షాపు శంకరయ్య, చదువు రానివాళ్లకు కవరు మీద గీతలు గీసి ఇస్తాడు. పూటకొక గీత. నేను అరవై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి.

"గీతలు గీయకు శంకరన్నా, నాకు చదువొచ్చు."

"అబ్బో, కలెక్టర్ సాబ్! అయితే నువ్వే చదువుకో," అని నవ్వి పది గోలీలు చేతిలో పెట్టాడు. డాక్టరు రాసిన చిట్టీ అంతా ఇంగ్లీషు. నాకు వచ్చింది తెలుగే. మళ్లీ అడగడానికి సిగ్గేసింది.

బయట మెట్టు మీద కూర్చుని గోలీ విప్పుతున్నాను. ఎదురుగా తెల్లకోటు వేసుకున్న పిల్ల. మందుల చదువు చదువుతూ శంకరయ్య దగ్గర పని నేర్చుకునే పిల్లనుకున్నాను.

"తాతా, గీ గోలీలు ఎన్ని రోజులకు?"

"పది గోలీలు, పది రోజులకు. గా లెక్క రాదా నాకు?"

"కాదు తాతా, వారానికొక్కటే. పది వారాలకు. దినాం ఏసుకుంటే పానం మీదికొస్తది. ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు, ఎట్ల ఏసుకుంటవ్?"

చెప్పాను. మళ్లీ చెప్పించింది. వారంలో ఏ రోజు వేసుకోవాలో కూడా నాతోనే అనిపించింది.

"ఇంట్ల యాది చేసేటోళ్లు ఎవరున్నరు?"

ఎవరూ లేరన్నాను. లక్ష్మి పోయాక ఆ మాట అడిగినవాళ్లే లేరు. తల దించుకున్నాను. ఎత్తేసరికి పిల్ల లేదు.

లోపలికి పోయి, "పిల్లకు మంచిగ నేర్పినవ్ శంకరన్నా," అన్నాను.

"ఏ పిల్లనే? నా దగ్గర ఎవ్వలున్నరు?" అని చిట్టీ గుంజుకుని చూశాడు. మొహం పాలిపోయింది. "వారానికొక్కటే. నేను చెప్పాలె. మరిచిన."

మెట్టు మీద నా పక్కనే కూర్చున్న రాజవ్వను అడిగాను. బీడీలు చుట్టే మనిషి, కళ్లు చురుకు.

"ఎవ్వలు రాలే తమ్మీ. నువ్వొక్కనివే మాట్లాడుతున్నవ్. పాపం, ఒంటి మనిషి అనుకున్న."

డాక్టరు చెప్పే ఉంటాడు, నువ్వే మరిచావంటారు. కావచ్చు. నాకైతే ఆయన చెప్పినట్టు గుర్తు లేదు. ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నది షాపు శంకరయ్య, బీడీల రాజవ్వ, నేను. ఆ పిల్ల పేరు నేను అడగలేదు.