తొల్లై అంతా ఒకటి కాదు

“ఇందా బీగంచెవి. ఇంక ఈ జన్మలో నా తలుపు తట్టొద్దు వదినా.”

“నీ తలుపు నాకెందుకురా? నాకు కావాల్సింది మిద్దె తలుపు.”

నా మరిదికీ నాకూ కడసారి మాట ఇదే. మెట్ల కాడ నిలబడి బీగంచెవి నా కాళ్ళ ముందర విసిరేసినాడు. నేను వంగి ఎత్తుకున్నా. ఆ పొద్దు నుంచి వాడు నాతో మాట్లాడడు, నేను వాడి మొగం చూడను. రాయి కోడలా, ఇట్లే రాయి. ఈ పిల్ల మా అన్న కోడలు, చిత్తూరు పక్క నుంచి వచ్చింది. మా ఇండ్లల్లో అందరికీ తెలుగు నోటికి వస్తుంది గాని, తెలుగు అచ్చరం తెలిసింది ఈమె ఒక్కదానికే. నాకు అరవంలో నా పేరు రాసేది వచ్చు, అంతే.

ఇల్లు అన్నదమ్ములిద్దరిది. కింద మేము, పైన వాళ్ళు, ఆ పైన మిద్దె ఇద్దరికీ పొత్తు. మా ఆయన పోయినాక దినామూ పొద్దున్నే అన్నం వండి, ఒక పిడికెడు అరిటాకు ముక్కలో పెట్టుకోని మిద్దె మీదికి పోయేదాన్ని. పిట్టగోడ మీద పెట్టి “కా... కా...” అని పిలిచేదాన్ని. కాకి ముట్టినాకనే నేను తినేది. పోయినోళ్ళు కాకి అయ్యి వస్తారని మా వాళ్ళు చేసేదే ఇది. నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

మరిది పైన రెండు గదులకు పసుపు రంగు కొట్టించి టూరిస్టులకు ఇస్తా ఉండాడు. వాళ్ళు పొద్దెక్కిందాకా నిద్రపోతారు. ఒకనాడు వచ్చి, “వదినా, గెస్టులకు డిస్టర్బ్ అయితా ఉండాది” అన్నాడు. సరే అని గొంతు తగ్గించినా. తేంగాయితిట్టు పడవల రేవు నుంచి చేపలామె వచ్చి వీధి అదిరేటట్టు అరుస్తాది, ఆ గెస్టులే బాల్కనీలోకి ఉరికి ఆమెను వీడియో తీస్తారు. ఆమె అరుపు వాళ్ళకు ముద్దు, నా కాకి పిలుపు డిస్టర్బ్!

తర్వాత “ఇరిటేట్ చేస్తా ఉండావు” అన్నాడు. ఏం చేసినా నేను? నోట్లో నోట్లోనే కదా పిలుస్తా ఉంటిని. నేను మెట్లెక్కేది చూస్తేనే వాడికి మంట. ఒకనాడు పోయి చూస్తే మిద్దె తలుపుకు బీగం. కాకి రెట్ట ఎవరిదో తెల్ల చొక్కా మీద పడిందంట.

అన్నం తెచ్చి వీధి గోడ మీద పెట్టినా. కుక్క లాగేసింది. ఆ పొద్దు నేను కాఫీ నీళ్ళు తాగి పడుకున్నా.

అప్పట్నుంచి పట్టుకున్నా వాణ్ణి. పొద్దున లేస్తే తలుపు తట్టేది, “బీగంచెవి ఇయ్యి” అనేది. తీయకపోతే ఆకులో అన్నం పెట్టుకోని వాళ్ళ గుమ్మం ముందరే కూర్చునేది. లోపల నుంచి తోటికోడలు, “టార్చర్ రా సామీ!” అని మొత్తుకునేది. మొత్తుకోనీ.

కడాకు వాడు పోలీసుల కాడికి పోయినాడు, వదిన హెరాస్ చేస్తా ఉండాదని. నన్ను రమ్మని కబురొచ్చింది. ఈ కోడల్ని తోడు పిలుచుకోని ఆటో ఎక్కినా.

“ఏందే ఈ హెరాసు? మొన్న డిస్టర్బ్ అన్నాడు, ఆమె టార్చర్ అనె.”

“ఒక్కొక్కటి వేరే అత్తా. నిద్రకో పనికో అడ్డం పడితే డిస్టర్బ్. ఇరిటేట్ అంటే...”

“మిరపకాయ కోసిన చెయ్యి కంట్లో పెట్టుకున్నట్టు.”

“ఆ, అదే. నువ్వు ఊరికే ఉన్నా అవతలోళ్ళకు మండచ్చు. దినామూ పోయి ఒకదాని కోసమే అడిగి అడిగి ప్రాణం తీసేది పెస్టర్.”

“నస అని చెప్పు.”

“నసే. హెరాస్ అట్ల కాదు. మనిషిని వెంటపడి, భయపెట్టి, ఉన్నచోట ఉండనీకుండా చేసేది. కేసవుతుంది.”

“మీ మామ నా వక్కాకు పెట్టె దాచిపెట్టి ఇల్లంతా వెతికించేవాడే, అదేంది మరి?”

“అది టీజ్ అత్తా.”

ఆటో ఆయన నవ్వినాడు. నాకు నవ్వు రాలే.

స్టేషన్లో కానిస్టేబుల్ అరవంలో, “ఏమ్మా, ఎందుకు తొల్లై చేస్తావు?” అన్నాడు. అరవంలో అన్నిటికీ అదొక్కటే మాట. దోమా తొల్లై, పంటినొప్పీ తొల్లై, నేనూ తొల్లై. ఎస్సై ఆడమనిషి. “ఇంక హెరాస్ చెయ్యనని చెప్పేసి ఇంటికి పో” అంది. మరిది కాలు మీద కాలేసుకోని కూర్చోనుండాడు.

“చెప్పను,” అన్నా. “పెస్టర్ చేసినా, లేదనను. రేపూ చేస్తా. హెరాస్ చెయ్యలే. ఇతను నాకు భయపడే మొగమా? చూడమ్మా. పిడికెడు అన్నం పెట్టే జాగా అడగతా ఉండా. ఇచ్చేస్తే నా నస ఆ పొద్దే ఆగిపోతుంది. ఇచ్చి చూడమను.”

ఎస్సై అమ్మ వాడి పక్క తిరిగింది. “మిద్దె ఎవరిది సార్?”

“కామన్.”

“కామన్ అయితే బీగం ఎందుకు?”

మరిది కాలు కింద పెట్టినాడు.

వాడు నా ముందర బీగంచెవి విసిరింది ఇంటికొచ్చినాకనే. మళ్ళీ వాడి తలుపు నేను తట్టిందీ లేదు. నసకు మందు ఏందో నేను చెప్పినట్టే అయింది.

మర్నాడు ఆకు తీసుకోని మిద్దె ఎక్కినా. ఆకాశం కనపడకుండా ఈ కొస నుంచి ఆ కొసకు వల కట్టి ఉండాది. పడవలోళ్ళు పారేసే నీలం వల, పిట్టగోడ అవతల దాకా దించి కట్టినాడు. కాకి దాని మీద వాలి, కాలు చిక్కుకోని, పీక్కోని ఎగిరిపోయింది. మళ్ళీ ఆ పక్కకు రాలే. వాడు ఒక్క మాట అన్లే, గొంతు పెంచలే. నోరు తెరవకుండా మా ఆయన్ను ఇంటికి రాకుండా చేసినాడు.

“దీన్నేమంటారే?” అని అడిగితే, పైకొచ్చిన ఈ కోడలు ఆ వల పట్టి లాగి చూసి, “ఇది హెరాస్ అత్తా” అంది.

ఎల్లుండి మా ఆయనకు ఏడాది తద్దినం. ఆ పొద్దు కాకి ముట్టకపోతే నేను ఎంగిలి పడను. కత్తిపీట సాన పట్టించినా. తెల్లారగానే పోయి ఆ వలను నడిమికి కోస్తా. వాడు మళ్ళీ స్టేషన్కు ఉరుకుతాడు, ఉరకనీ. ఈసారి ఏ మాట ఎవరిదో, నాది పెస్టర్, వాడిది హెరాస్ అని, ముందే రాసుండాల.

నీ చెయ్యి మెత్తన కోడలా. నేను ‘విసిరేసినాడు’ అంటే నువ్వు ‘ఇచ్చినాడు’ అని రాసుంటావు. ఏదీ, మొదట్నుంచి చదువు, వింటా.