నూనె గుడ్డల సంచి

కూరగాయలు కోసే చెక్కలకు నూనె పట్టించిన గుడ్డను నేనిప్పుడు ముద్ద చెయ్యను. ఒక్కో గుడ్డను నీళ్లల్ల ముంచి పిండి, పెరట్ల తీగ మీద విడివిడిగ పరిచి ఆరేస్త. అట్ట లెక్క గట్టిగ ఎండినంకనే తీస్త. మా వాడకట్టోళ్లు చూసి, మసిగుడ్డలకు గింత మర్యాదనా అని నవ్వుతరు. ఈ మర్యాద నాకు ముందే తెలిసి ఉంటే ఒక మనిషి మీద మాట పడకపోవు. ఆ మనిషి మా ఆయన.

ఆయన బొగ్గుబాయిల టింబర్ పనిచేసిండు. భూమి లోపల పైకప్పు కూలకుండ కట్టె గుంజలు నిలబెట్టే పని. నౌకరి అయిపోయినంక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి లక్సెట్టిపేటల రెండర్రల ఇంట్లకు వచ్చినం. ఖాళీగ కూసునుడు ఆయనతోటి కాలేదు. ఇంటెనుక రేకుల షెడ్డు వేసి చెక్కలు చేసుడు మొదలుపెట్టిండు. ఇప్పుడు చానామంది ఇండ్లల్ల కత్తిపీట పోయింది, గ్యాసుపొయ్యి గట్టు మీద నిలబడే కోస్తరు, వాళ్లకు చెక్క కావాలె. తుమ్మ, మామిడి, వేప ఏది దొరికితే అది. "గిన్నేండ్లు చీకట్ల కట్టె పట్టుకున్న, దాని రంగు ఇప్పుడు చూస్తున్న" అనేటోడు.

రంద పట్టి కట్టెను నున్నగ చేసుడు, పలకలు బంకతోటి అతికి బిగించుడు, అంచులు చేతికి గుచ్చుకోకుండ గుండ్రంగ తీసుడు నాకు ఆయనే నేర్పిండు. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. అక్షరాలు మా బాపు ఇంట్లనే నేర్పిండు, గచ్చు మీద బొగ్గుముక్కతోటి రాసి, చెరిపి, మళ్ల రాసి. నాకు వచ్చిన విద్యలు రెండు. రెండూ ఇంట్లనే వచ్చినయి, రెండూ ప్రేమగల్లోళ్ల చేతుల నుంచే వచ్చినయి. అందుకు రోజూ దేవునికి దండం పెట్టుకుంట.

ఆయనకు ఉన్న చెడ్డ అలవాటు ఒక్కటే, బీడీ. బాయిలకు దిగేముందు జేబులు తడిమి చూస్తరు, అగ్గిపెట్టె, బీడీ లోపలికి పోనియ్యరు. ఆ కసి అంతా పైకొచ్చినంక తీర్చుకునేటోడు. నౌకరి దిగిన ఏడాది కార్తీకంల గోదారి స్నానానికి పోయినం. ఇష్టమైనదేదో ఒకటి గోదారిల విడిచిపెట్టుడు మా అత్తగారింటి ఆచారం. విడిచిపెడితే బతికినన్ని రోజులు దాన్ని ముట్టద్దు. నేను వంకాయ విడిచిన. ఆయన నడుములోతు నీళ్లల్ల నిలబడి బీడీకట్టను, అగ్గిపెట్టెను రెండిటినీ వదిలిండు. తడిబట్టలతోటి ఒడ్డుకొచ్చి, "నువ్వు వంకాయ విడిచినవ్, నేను పాణం విడిచిన" అని నవ్విండు.

ఆ మాట మీద ఆయన నిలబడ్డడు. నిలబడ్డడని నేను నమ్మిన కాలమే మా ఇద్దరి మంచికాలం.

చెక్కలకు మేము అవిసె నూనె పట్టించేటోళ్లం. ఆయన పుట్టిన ఆసిఫాబాద్ దిక్కు దాన్ని జవస నూనె అంటరు. కట్టె దాన్ని తాగితే రంగు తేలుతది, నీళ్లకు ఉబ్బదు. ఇగ నూనె తడిసిన గుడ్డల సంగతి. నూనె అంటే లక్ష్మి, నూనె గుడ్డను పారెయ్యద్దని మా అవ్వ చెప్పేది. నేను ఆ గుడ్డలను ముద్దలు చేసి, రంద పొట్టుతోటి కలిపి గోనెసంచిల కుక్కి, షెడ్డుల పనిబల్ల కింద పెట్టేదాన్ని. నీళ్లపొయ్యి రాజేసుకునేటందుకు పనికొచ్చేది. ఒక్క గుడ్డపేలిక కూడ వట్టిగ పోనియ్యనని నాకు లోపల కొంచెం గొప్ప.

అది ఎండకాలం. కరీంనగర్‌ల ఒక గిన్నెల దుకాణపాయన ఎప్పటికంటె ఎక్కువ చెక్కలు కావాలన్నడు. పొద్దుపొడుపుకే కూసోని, పగటి అన్నం యాళ్ల దాక ఇద్దరం నూనె పట్టించినం. ఎన్నడూ లేనన్ని గుడ్డలు తడిసినయి. అన్నీ సంచిల కుక్కి, కాలుతోటి తొక్కి పెట్టిన. నేను ముందుగాల ఇంట్లకు వచ్చిన. ఆయన కూడ వస్తు వస్తు, తువ్వాల మరిచిన్నని మళ్ల లోపలికి పోయి జరసేపటికి వచ్చిండు. తిని వాలినం.

మూడు దాటి ఉంటది. గోడ అవతలి అక్క మొత్తుకుంది. "ఓ చెల్లే, లేవు! మీ షెడ్డుల పొగ!"

నేను బకెట్టు కోసం ఉరికిన. ఆయన లోపలికే ఉరికిండు. చేసిన చెక్కలను చేతికందినకాడికి బయటికి ఇసిరేసిండు, రందను కూడ తెచ్చిండు. బయటికి వచ్చేసరికి కుడిచెయ్యి తోలు లేచింది, దగ్గు ఆగలేదు. వాడకట్టంతా నీళ్లు తెచ్చి పోసింది. ఇల్లు దక్కింది. ఆ పూట బిందె ఎత్తిన ప్రతి ఒక్కరి మేలు నేను మరువ.

అంతా సల్లారినంక అక్క బూడిద దగ్గర నిలబడ్డది. "ఊరికెనే ఎట్ల అంటుకుంటది చెల్లె? లోపల పొయ్యి లేదు, దీపం లేదు, పగటియాళ్ల నుంచి కరెంటు కూడ లేదాయె. మగోళ్ల జేబులల్ల ఏముంటదో మనకు ఎర్కనా?"

ఆ మాట నాకు నిప్పుకంటె జల్ది అంటుకుంది. పొద్దుగూకంగ ఆయన చేతికి మందు రాస్తు అడిగిన. "తువ్వాల కోసం పోయి గంతసేపు ఏం చేసినవ్?"

"ఏం చేస్త? మొఖం తుడుచుకున్న."

"బీడీ తాగినవా?"

"తాగలే."

"గోదారి మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్టు ఒక్కసారే ఏస్తరు. నీ ముందటనే ఏసిన గదనే."

మళ్ల ఆయనే అన్నడు. "బాయి కాడ బొగ్గుకుప్పలు చూడలేదా నువ్వు? ఎవ్వలు అంటుపెట్టకున్నా లోపల్లోపల కాగి కాగి వాటంతటవే అంటుకుంటయి. గట్లనే ఏదో అయుంటది."

"అయి బొగ్గు. మన షెడ్డుల బొగ్గెక్కడిది? బీడీ అయితే ఉండె" అన్న.

ఆయన చెయ్యి ఎనుకకు తీసుకున్నడు. మందు సగమే రాసిన.

షెడ్డు కాలిందని నేను బాధపడలేదు. వాడకట్టోళ్లు రేకులు సదిరి నెల తిరగకముందే మళ్ల నిలబెట్టిచ్చిండ్రు. గోదారికిచ్చిన మాట తప్పిండని, తప్పి నాతోటి అబద్ధం చెప్తుండని నా బాధ. కొట్లాడుడు నాకు చాతకాదు. అందుకని ప్రార్థన పట్టుకున్న. రోజూ పొద్దుగాల దీపం పెట్టి, గడప అవతల చాయ తాగుతు కూసున్న ఆయనకు వినపడేటట్టు మొక్కేదాన్ని. "తల్లీ గోదారీ, మాట తప్పినోన్ని మన్నించు." అది భక్తి అనుకున్న. ఆ మాట ఆయన చెవుల పడాలనే గొంతు పెంచుతున్న అని అప్పుడు నాకు నేను ఒప్పుకోలేదు.

ఒకనాడు ఆయన చాయ గిలాస కింద పెట్టిండు. "ఓయ్, నా గురించి రోజూ ఆమెను బతిమిలాడకు. ఆమెకు ఎర్కనే."

ఇగో, ఒప్పుకున్నడు అనుకున్న.

దగ్గు తగ్గలేదు. బాయి దుమ్ము ముందే పేరుకున్న ఊపిరితిత్తులు, పైనుంచి ఆ పొగ. కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకపోతే డాక్టరు అడిగిండు, బీడీ అలవాటు ఉన్నదా అని. ఆయన నోరు తెరవకముందే నేను అన్న. "ఉన్నది సారు. విడిచిన్నని చెప్తడు."

డాక్టరు రాసుకున్నడు. ఆయన నన్ను ఒక్కసారి చూసిండు. కోపంగ కాదు. బాయి లోపల పైకప్పు ఎంత బరువు మోస్తుందో చూసేటోని లెక్క చూసి, తల తిప్పుకున్నడు. వానలు పడంగనే పోయిండు. పదిమంది పరామర్శకు వస్తే పదిమందికీ చెప్పిన, బీడీ తీసుకపోయిందని.

ఆయన పోయినంక చెక్కలు నేనొక్కదాన్నే చేసిన. పని ఉన్నది, చేతనైతది, అది దేవుని దయ. పోయిన చలికాలం చెక్కల మూట పట్టుకొని కరీంనగర్ బస్సెక్కిన. గిన్నెల దుకాణం పక్కన తెల్లగడ్డం మిస్త్రీ ఒకాయన మంచాలకు పాలిష్ చేస్తుండు. ఆయన తీగ మీద నూనె గుడ్డలను ఒక్కోటి విడివిడిగ, క్లిప్పులు పెట్టి ఆరేస్తుండు. నాకు నవ్వు వచ్చింది.

"గుడ్డలకు గింత సోకా చిచ్చా?"

"సోకు కాదమ్మా, డర్, భయం" అన్నడు ఆయన. "గిది జవస నూనె. ముద్దజేసి పెడితే కడుపుల కాగుతది. అగ్గిపెట్టె అవుసరం లే, అదే అంటుకుంటది. మా ఉస్తాద్ దుకాణం గట్లనే పోయింది. అల్లా దయ, లోపల మనుషులు లేకుండ్రి."

"అగ్గి లేకుండనా?"

"గిన్నెల దుకాణపాయన చెప్పిండు, మీది బొగ్గుబాయిల దిక్కే గదమ్మా? బొగ్గుకుప్ప అంటుకునుడు చూడలేదా నువ్వు?"

నేను మూట దించి దాని మీదనే కూసున్న. ఆయన ఫికరై, జర నీళ్లు తాగమ్మా అని చెంబు తెచ్చిచ్చిండు. చిన్న సాయానికి కూడ రెండుసార్లు మేలు చెప్పే అలవాటు నాది. ఆ పూట ఒక్కసారి కూడ చెప్పకుండనే చెంబు తిరిగిచ్చి లేచిన.

ఇంటికి వచ్చినంక నమ్మలేదు. చలికాలమంతా నమ్మకుండనే గడిపిన. ఎండలు ముదిరినంక ఒకనాడు పొద్దుగాల్నే నాలుగు చెక్కలకు నూనె పట్టించిన. గుడ్డలు చాలవని పాతచీర చింపి దాన్ని కూడ తడిపిన. ముద్దలు చేసి, రంద పొట్టుతోటి కలిపి, గోనెసంచిల కుక్కి, అప్పటి లెక్కనే కాలుతోటి తొక్కిన. పెరట్ల బండ మీద ఎండకు పెట్టి, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకొని కూసున్న. అంటుకోకపోతే ఆయన అబద్ధమాడినట్టు. అంటుకుంటే ఆయనది సత్యం, ఆయనను పొగల పడేసింది నేను. ఏది కోరుకోవాల్నో తెల్వక ఏమీ మొక్కలేదు. మొక్కకుండ కూసున్నది నా జన్మల అదొక్కటే పూట.

పగటియాళ్ల దాక ఏం కాలేదు. తర్వాత వాసన మొదలైంది, మాడిన నూనె వాసన. సంచి మీద చెయ్యి పెట్టిన. జ్వరం వచ్చిన ఒంటి లెక్క ఉన్నది. లోపలికి వేళ్లు పెట్టి ఎంటనే తీసుకున్న. కొంతసేపటికి గోనె నడుమ నల్లటి మచ్చ పడ్డది, మచ్చ నుంచి సన్నటి పొగ లేచింది, ఆ పొగ కిందనే ఎర్రగ కనపడ్డది. నా దగ్గర అగ్గిపెట్టె లేదు. నా చుట్టుపక్కల ఎవ్వలు లేరు.

గోడ మీది నుంచి అక్క తొంగి చూసింది. "ఏం కాలవెడుతున్నవ్ చెల్లె, గీ ఎండల?"

"నేనేం అంటుపెట్టలే అక్కా. దానంతటదే అంటుకుంది."

"ఊరికెనే ఎట్ల అంటుకుంటది?" అన్నది అక్క. "ఎవ్వలన్న బీడీ ముక్క ఇసిరేసిండ్రో ఏమో."

బకెట్టు ఎత్తబోయిన చెయ్యి అట్లనే ఆగింది. నీళ్లు పోస్తే ఆరిపోతది, ఆరితే మళ్ల ఎవ్వలు నమ్మరు.

"గీడికి రా అక్కా" అన్న. "తలుపు తీసే ఉన్నది. ఉరికిరా, మండుతుండంగనే చూడు. చూసి ఈ వాడకట్టుల అందరికీ చెప్పు. మా ఆయన బీడీ తాగలే."